తోకల లెక్క: యుద్ధకాలపు చీడల వేటలో బడిపిల్లలు

సభకు నమస్కారం.

యుద్ధాల గురించి చదివేటప్పుడు సైనికుల గురించీ, ఊళ్లు విడిచిన జనం గురించీ, ఆకలి గురించీ చదువుతాం. పంటను తినే ప్రాణుల మీదికి బడిపిల్లలను దండుగా కూర్చి పంపిన సంగతి మాత్రం చరిత్ర పాఠాల్లో అరుదుగా కనిపిస్తుంది. గత శతాబ్దంలో జరిగిన రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అది జరిగింది. ఒకరితో ఒకరు పోరాడుతున్న దేశాలు కూడా తమ పిల్లలకు ఇంచుమించు ఒకే రకమైన మాటలు చెప్పి, ఒకే రకమైన పని అప్పగించాయి. ఈ సాయంత్రం నేను ప్రధానంగా ఒక్క ఉదాహరణ మీదే నిలిచి మాట్లాడతాను. అది 1918 ఏప్రిల్ 29 నుంచి మే 4 వరకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం జరిపిన ‘ఉడుతల వారం’. మిగిలిన దేశాల సంగతులు దాని పక్కన పెట్టి చూడడానికి మాత్రమే ప్రస్తావిస్తాను. ఈ సభలో ఉపాధ్యాయులు ఎక్కువమంది ఉన్నారు కనుక నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం మర్యాద అనుకుంటున్నాను. ఈ వేటలకు ప్రభుత్వాలు పెట్టుబడిగా పెట్టింది, తల్లిదండ్రులకు బడి మీద ఉన్న నమ్మకాన్ని. ఆ నమ్మకం లేకపోతే ఏ తల్లీ తన పదేళ్ల బిడ్డ చేతికి విషం కలిపిన గింజలు ఇచ్చి పొలానికి పంపేది కాదు.

ముందుగా ఆనాటి పరిస్థితి చూద్దాం. 1917 ఏప్రిల్ 6న అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. బ్రిటన్, ఫ్రాన్స్ అప్పటికే తిండికి కటకటలాడుతున్నాయి. జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను ముంచుతుండడంతో అట్లాంటిక్ దాటి చేరే ప్రతి గోధుమ బస్తాకూ విలువ పెరిగింది. ఆ ఏడాది ఆగస్టులో హెర్బర్ట్ హూవర్ అధిపతిగా ఆహార పాలన శాఖ ఏర్పడింది. ఇళ్ల మీద నిర్బంధ రేషన్ విధించకుండా, ప్రజలు తమంతట తామే తక్కువ తినేలా ఒప్పించాలని హూవర్ నిర్ణయించాడు. వారంలో గోధుమ లేని రోజులు, మాంసం లేని రోజులు వచ్చాయి. ‘ఆహారమే యుద్ధాన్ని గెలిపిస్తుంది’ అన్న నినాదం గోడలెక్కింది. అదే కాలంలో కేంద్ర విద్యాశాఖ ‘బడి తోటల సైన్యం’ అనే పథకం నడిపింది. బడి ఆవరణల్లో, ఖాళీ స్థలాల్లో కూరగాయలు పెంచే పిల్లలను అది సైనికులని పిలిచింది, వారికి హోదాలూ చిహ్నాలూ ఇచ్చింది. దీనికి డబ్బు అధ్యక్షుడు విల్సన్ చేతిలోని యుద్ధ నిధి నుంచి వచ్చింది. అంటే ఉడుతల వారం రాకముందే పిల్లవాడు సైనికుడన్న ఊహ బడిలో పాతుకుంది. మొక్క నాటే సైనికుడి చేతికి చంపే పని ఇవ్వడానికి మిగిలింది ఒక్క అడుగే.

ఆ అడుగు వేసినవాడు కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యానవన కమిషనర్ జార్జ్ హెకీ. రాష్ట్రంలో నేల ఉడుతలు ఏటా 3 కోట్ల డాలర్ల విలువైన పంటను తినేస్తున్నాయని ఆయన కార్యాలయం ప్రకటించింది. మనకు ఉడుత అనగానే వారధికి ఇసుక మోసి రాముడి చేత నిమిరించుకున్న మూడు గీతల ఉడుత మనసులో మెదులుతుంది కనుక, ఇది ఆ ప్రాణి కాదని చెప్పాలి. కాలిఫోర్నియా నేల ఉడుత చెట్ల మీద కన్నా నేల మీదే ఎక్కువగా తిరుగుతుంది, గుంపులుగా కలుగులు తవ్వుకుని నివసిస్తుంది. ఏడాదికి ఒక్క ఈత, ఈతకు సగటున ఏడెనిమిది పిల్లలు. వసంతంలో పచ్చిక, ఎండాకాలంలో గింజలు, కాయలు దాని తిండి. బార్లీ, గోధుమ, బాదం, వాల్‌నట్ తోటల రైతులకు అది నిజంగానే నష్టం చేసేది, దాని కలుగులు కాలువ గట్లకు గండ్లు పెట్టేవి. రైతుల ఫిర్యాదులో అబద్ధం లేదు. అయితే ఆ ఉడుతల సంఖ్యను పెంచిన పనుల్లో మనుషుల చేయి కూడా ఉంది. పశువుల మంద మేసి గడ్డి పొట్టిగా మిగిల్చిన నేల ఈ ఉడుతకు ఇష్టమైన చోటు. దాన్ని తినే కొయోటీ, బ్యాడ్జర్, డేగ, గద్ద వంటి వాటిని పశువుల కాపరులూ కోళ్ల పెంపకందారులూ తరతరాలుగా కాల్చి, విషం పెట్టి చంపుతూ వచ్చారు. పిల్లలకు పంచిన కరపత్రాల్లో ఈ కథకు చోటు దొరకలేదు.

హెకీ పిల్లలకు చేసిన విజ్ఞప్తి నేరుగా వారి పసిమనసుకు తగిలేలా రాసింది. మీ తరగతిలోనో బడిలోనో ఒక సైనిక దళం కట్టండి, ఉడుతల సేన మీదికి వెళ్లండి, మన వీరులు ఐరోపా కందకాల్లో ఎదుర్కొంటున్న శత్రువుతో సమానమైన శత్రువు మన పొలాల్లోనే ఉంది అన్నది దాని సారం. గోడపత్రికల్లో, కరపత్రాల్లో ఉడుతల నెత్తిన జర్మన్ సైనికులు పెట్టుకునే మొనదేలిన శిరస్త్రాణం గీశారు, మెడలో జర్మనీ చక్రవర్తి కైజర్ ఇచ్చే ఇనుప శిలువ పతకం వేలాడదీశారు. ఒక గోడపత్రికలో పిల్లలను నేరుగా సంబోధిస్తూ, తిండి కాపాడాలంటే ఉడుతలను చంపాలని, అయితే విషాన్ని జాగ్రత్తగా వాడాలని రాశారు. ఈ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో ఉండడాన్ని మీరు గమనించాలి. విషం ప్రమాదకరమని రాసినవారికి తెలుసు. తెలిసి కూడా జాగ్రత్త భారాన్ని పిల్లవాడి మీద వేశారు. ప్రమాదం జరిగితే, చెప్పాం కదా, నువ్వే జాగ్రత్త పడలేదు అనే వెసులుబాటు ఆ వాక్యంలోనే ఇమిడి ఉంది. పెద్దలు బిడ్డలతో ఒప్పందాలు రాసుకునే తీరు ఇది కాకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ విషం స్ట్రిక్నిన్. బార్లీ గింజలకు దాన్ని పట్టించి కలుగుల దగ్గర చల్లేవారు. తయారుచేసే పద్ధతి కూడా కరపత్రంలోనే ఇచ్చారు. కలుగుల్లోకి మండే స్వభావమున్న కార్బన్ బైసల్ఫైడ్ ఆవిరి పట్టించడం మరో పద్ధతి. తుపాకీ, ఉచ్చు, కలుగులోకి నీళ్లు వదలడం కూడా ఉండేవి. స్ట్రిక్నిన్ గురించి మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. అది ముష్టి చెట్టు గింజల్లో ఉండే విషం. తూర్పు కనుమల అడవుల్లో పెరిగే ఆ చెట్టును, విషముష్టి అన్న దాని పేరును మన గిరిజన గ్రామాల్లో ఎవరినడిగినా చెబుతారు. బ్రిటిష్ పాలనలో ఆ గింజలు మద్రాసు, కొచ్చిన్ వంటి రేవుల నుంచి విదేశాలకు ఎగుమతయ్యేవి. ఆ గింజ ప్రాణం తీసే తీరు చూసినవారెవరూ దాన్ని పిల్లల చేతికి ఇవ్వరు. వెన్నుపాములో నరాలను అదుపుచేసే వ్యవస్థను అది స్తంభింపజేస్తుంది. ఒళ్లంతా విల్లులా వంగి, కండరాలు బిగుసుకుని, ఊపిరాడక ప్రాణం పోతుంది, చివరి క్షణం దాకా స్పృహ ఉంటుంది. దాన్ని తిని చనిపోయిన ఉడుతను తిన్న కుక్కకూ ఆ గతి పట్టవచ్చు. పొలంలో చల్లిన గింజను తిన్న పిట్టకు ఎటూ తప్పదు. ఒక రాష్ట్ర ప్రభుత్వం వారం రోజుల పాటు బడిపిల్లలకు నేర్పిన విద్య ఇది.

విషం కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ప్లేగు. ఇది వివరంగా చెప్పవలసిన సంగతి. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ప్లేగు బయటపడింది. 1907, 1908 సంవత్సరాల్లో మళ్లీ వచ్చింది. 1908 నాటికి ఆ వ్యాధి నగరపు ఎలుకల నుంచి పొరుగు కౌంటీల, అంటే మన జిల్లాల వంటి ప్రాంతాల, నేల ఉడుతలకు పాకినట్టు ప్రజారోగ్య వైద్యులు నిర్ధారించారు. ఆ ఉడుతల మీద పరిశోధన చేస్తున్నప్పుడే, 1911లో, ట్యులేర్ కౌంటీలో ప్లేగును పోలిన మరో వ్యాధి దొరికింది. ఇప్పటికీ ఆ వ్యాధిని ఆ కౌంటీ పేరుతోనే ట్యులరీమియా అంటున్నాం. ప్లేగు, ఉడుత ఒంటిమీద ఉండి రక్తం పీల్చే ఫ్లీ అనే చిన్న కీటకాల ద్వారా మనిషికి సోకుతుంది. ఉడుత చచ్చి ఒళ్లు చల్లబడగానే ఆ కీటకాలు దాన్ని వదిలి, వెచ్చగా ఉండే మరో ఒంటిని వెతుక్కుంటాయి. ఇప్పుడు ఉడుతల వారపు నియమాన్ని దీని పక్కన పెట్టి చూడండి. చంపినట్టు రుజువు కావాలంటే తోక కోసి తేవాలి. అంటే చచ్చిన ఉడుతను చేత్తో పట్టుకుని, కత్తితో తోక కోసి, సంచిలో వేసుకుని, లెక్కకు తీసుకురావాలి. ప్లేగు ఉడుతల్లో ఉందని పదేళ్లుగా తెలిసిన రాష్ట్రంలో ఈ పనిని పిల్లలకు అప్పగించారు.

ఈ భయం ఊహ కాదని మరుసటి ఏడాదే తేలింది. 1919 ఆగస్టులో ఓక్లాండ్ నగరంలో ఒక వ్యక్తి ఉడుతల వేటకు వెళ్లి వచ్చి జబ్బుపడ్డాడు. అది ఊపిరితిత్తులకు పాకి, మనిషి నుంచి మనిషికి అంటుకునే ప్లేగుగా మారింది. అది సద్దుమణిగేసరికి అతనితో పాటు సుమారు డజనుమంది చనిపోయారు. అతడు పెద్దవాడు, తన ఇష్టంతో వేటకు వెళ్లినవాడు. అంతకు ఏడాది ముందు అదే ప్రాణి వెంట పిల్లలను దళాలుగా పంపిన సంగతి తలచుకుంటే గుండె జల్లుమంటుంది.

వారం ముగిసేసరికి పిల్లలు అప్పగించిన తోకల సంఖ్య 1,04,509. ఎక్కువ తోకలు తెచ్చిన బడులకు నగదు బహుమతులు దక్కాయి. విషం తిన్న ఉడుతలు చాలావరకు కలుగుల్లోనే చస్తాయి కనుక చచ్చినవి ఇంతకన్నా చాలా ఎక్కువని అధికారులు చెప్పుకున్నారు, అది నిజమే కావచ్చు. కానీ లెక్కించినది తోకలను, మిగిలిన పంటను కాదు. ఉడుతలు దట్టంగా ఉన్న కొన్ని చోట్ల కొంత తగ్గిస్తే, మిగిలినవాటికి తిండి, చోటు పెరిగి ఆ లోటు త్వరలోనే పూడిపోతుంది. పక్క పొలం నుంచి వలస కూడా వస్తుంది. నియంత్రణ అన్నది ఏటా, సరైన రుతువులో, ఒక ప్రాంతమంతా కలిసి చేయవలసిన పని. ఒక్క వారంలో బహుమతి కోసం పోటీపడి చేసే వేటకు ఆ లక్షణాలేవీ ఉండవు. తోకకు ఇంత అని వెలకట్టినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారో 1902లో హనోయ్‌లో ఫ్రెంచి వలస ప్రభుత్వం చూసింది. ఎలుక తోకకు డబ్బిస్తామని ప్రకటిస్తే, జనం తోకలు కోసి ఎలుకలను వదిలేశారు, కొందరు ఎలుకలను పెంచారు కూడా. కాలిఫోర్నియా పిల్లలు అలా చేశారని నేను అనడం లేదు. పిల్లలు చెప్పినది చెప్పినట్టు నమ్మి చేశారు.

కాలిఫోర్నియా దీనికి ఆద్యురాలు కాదు. కెనడాలోని సస్కాచవాన్ ప్రాంతంలో 1917 మే 1వ తేదీని ‘గోఫర్ దినం’గా ప్రకటించారు. అక్కడ గోఫర్ అంటే గోధుమ పొలాల్లో కలుగులు తవ్వే మరో జాతి నేల ఉడుత. ఆ ఒక్కరోజే వందలాది బడుల పిల్లలు కలిసి సుమారు 5 లక్షల గోఫర్లను చంపారు. ఆ పచ్చిక మైదానాల్లో బడి అంటే చాలాచోట్ల ఒకే గది, ఒకే ఉపాధ్యాయురాలు. తోకల లెక్క కట్టే బాధ్యత కూడా ఆమె మీదే పడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

బ్రిటన్‌లో అదే 1917లో వ్యవసాయ శాఖ, ఊరూరా ‘ఎలుకల, పిచ్చుకల సంఘాలు’ పెట్టమని కౌంటీల యుద్ధ వ్యవసాయ సంఘాలను కోరింది. రేట్లు కూడా ప్రకటించింది. డజను ఎలుక తోకలకు ఒక షిల్లింగు, డజను పెద్ద పిచ్చుకల తలలకు 3 పెన్నీలు, రెక్కలు రాని డజను పిచ్చుక పిల్లల తలలకు 2 పెన్నీలు, డజను గుడ్లకు ఒక పెన్నీ. పల్లెటూళ్ల మగపిల్లలకు ఇది ఆట, జేబు ఖర్చు, దేశసేవ మూడూ కలిసిన పని. పక్షి సంరక్షకులు అప్పుడే అభ్యంతరం చెప్పారు, వారి వాదం శాస్త్రీయమైనది. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది, కానీ గూట్లోని పిల్లలకు ఎక్కువగా పురుగులనే తెచ్చి పెడుతుంది. పైగా గూటిలో దొరికిన గుడ్డు పిచ్చుకదో, పురుగులను మాత్రమే తిని బతికే మరో పిట్టదో పదేళ్ల పిల్లవాడు తేల్చలేడు. డజనుకు పెన్నీ వస్తుందంటే తేల్చే ఓపికా ఉండదు. ఈ హెచ్చరికను నలభై ఏళ్ల తర్వాత చైనా కూడా పెడచెవిన పెట్టింది. 1958లో మొదలైన ‘నాలుగు చీడల’ నిర్మూలనలో బడిపిల్లలు పళ్లేలు, డప్పులు మోగిస్తూ పిచ్చుకలను వాలనివ్వకుండా తరిమి, అలసి పడిపోయేలా చేశారు. చెంగ్ జువోసిన్ వంటి పక్షి శాస్త్రజ్ఞులు పిచ్చుక పొట్టలో పురుగులు చూపించి వాదించాక, 1960లో జాబితా నుంచి పిచ్చుకను తీసి నల్లులను చేర్చారు. అప్పటికి పొలాల్లో పురుగులను తినే పిట్ట తగ్గిపోయింది. ఆ కాలపు మహాకరువుకు కారణాలు అనేకం, అందులో ఇదొకటి.

ఇక్కడ నేను న్యాయంగా ఒక తేడా చూపించాలి, లేకపోతే అన్నిటినీ ఒకే గాటన కట్టినవాణ్ణి అవుతాను. బంగాళాదుంప ఆకులను తినే కొలరాడో పెంకుపురుగు సంగతి వేరు. అమెరికా పడమటి కొండల దగ్గర అడవి మొక్కల మీద బతికే ఈ పురుగు, 1859లో నెబ్రాస్కా ప్రాంతంలో బంగాళాదుంప రుచి మరిగింది. 1874 నాటికి అట్లాంటిక్ తీరం చేరింది. 1922లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర స్థిరపడింది, 1936లో జర్మనీలో ప్రవేశించింది. ఒక్కో ఆడపురుగు ఆకు అడుగున గుత్తులు గుత్తులుగా వందల గుడ్లు పెడుతుంది. మందులు కరువైన ఆ రోజుల్లో దీనికి నమ్మదగిన మార్గం వరుస వరుసగా నడిచి, ఆకు తిప్పి చూసి, గుడ్లనూ పురుగులనూ చేత్తో ఏరి చంపడమే. పొట్టిగా ఉండే పిల్లలకు ఆ పని చేత అవుతుంది, వారి చూపు చురుకు, ఏరిన పురుగు కుట్టదు, కరవదు. జర్మనీ 1935లోనే ఈ పురుగును ఎదుర్కోవడానికి ప్రత్యేక సేవా విభాగం పెట్టి, బడిపిల్లలను గాలింపు వరుసల్లో నడిపించింది. నిద్రపోకు, పోరాడు, పురుగు మీద కన్నేసి ఉంచు అనే ప్రాసతో నినాదం కట్టింది, బొమ్మల పుస్తకాలు పంచింది. ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోనూ పిల్లలు బడి మాని ఆ పొలాల్లో నడిచారు. చేసిన పనిని మాత్రమే తూచితే, ఇది ఉడుతల వేట కన్నా చాలా మేలైనది. దీనివల్ల కొంత పంట నిజంగా దక్కింది కూడా.

అయితే పని సురక్షితమైనంత మాత్రాన వాడుకున్న పద్ధతి మంచిదవదు. పిల్లలను పురుగు ఏరడానికి నడిపించిన ఆ నాజీ జర్మనీ పాలనే, అదే పురుగును శత్రువుల పొలాల మీద ఆయుధంగా చల్లవచ్చునా అని పరిశోధించింది. 1943 అక్టోబరులో స్పైయర్ పట్టణం దగ్గర, తమ సొంత నేల మీదే, సుమారు 14,000 పురుగులను విమానం నుంచి వదిలి పరీక్షించింది. పొలంలో వంగి పురుగులేరిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. యుద్ధం ముగిసి ఆ పాలన పోయాక, 1950లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పురుగు విజృంభణకు అమెరికా విమానాలే కారణమని, అవి ఆకాశం నుంచి పురుగులను జారవిడిచాయని ప్రకటించింది. దానికి ఆధారం ఏదీ దొరకలేదు. పడమటి నుంచి తూర్పుకు దశాబ్దాలుగా సాగుతున్న పురుగు, మందుల కొరతలో మరింత విస్తరించిందన్నదే సరైన వివరణ. కానీ గోడపత్రికల్లో పెంకుపురుగు అమెరికన్ సైనికుడి వేషం వేసుకుంది, పిల్లలు మళ్లీ సీసాలు పట్టుకుని పొలాలకు వెళ్లారు. 1918లో ఉడుతకు జర్మన్ టోపీ, 1950లో జర్మన్ గడ్డ మీద పురుగుకు అమెరికన్ టోపీ. పిల్లలు తమ చేత్తో పట్టుకుని చంపగలిగిన ప్రాణికి శత్రు దేశపు ముఖం తగిలిస్తే, ఆ దేశపు మనుషులు కూడా చంపదగిన చీడగానే ఆ వయసులో మనసుకు పడతారు. ఆ పాఠాన్ని మరిపించడం ఏ ఉపాధ్యాయుడికైనా కష్టం.

రైతు ఇంట పుట్టిన పిల్లలు ఎప్పుడూ పొలం పని చేస్తూనే ఉన్నారు కదా, పిట్టలను తోలలేదా, కలుపు తీయలేదా, యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం అడిగితే తప్పేమిటి అని మీలో కొందరు అడగవచ్చు. ఇది తేలిగ్గా తోసేయదగిన ప్రశ్న కాదు. మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పిన పిల్లవాడి వెనుక ఆ పొలాన్నీ ఆ పిల్లవాణ్ణీ ఎరిగిన తల్లో తాతో ఉంటారు. ఎండ ఎక్కువైతే పిలుస్తారు, పాము కనిపిస్తే పరుగున వస్తారు, ఏ మందు ముట్టుకోకూడదో చెబుతారు. రాజధానిలో అచ్చయిన కరపత్రానికి ఆ చూపు ఉండదు. దానికి కావలసింది సంఖ్య, ఆ సంఖ్యను బడుల మధ్య పోటీగా మార్చాక వెనకబడిన బడి పిల్లలు ఇంకాస్త తెగించి చేస్తారు. ఇంట్లో అయితే అమ్మా, నాకు భయంగా ఉంది, నేను వెళ్లను అనవచ్చు. బడిలో ఆ మాట అంటే దేశభక్తి లేనివాడవుతాడు, తరగతి మార్కు తగ్గించినవాడవుతాడు. ఇష్టపూర్వకం అన్న మాట కాగితం మీద ఉన్నా, ఎనిమిదేళ్ల పిల్లకు అలాంటి చోట కాదనే దారి ఉండదు.

మన డెల్టాలో ఎలుకలు పట్టే యానాది కుటుంబాలను చూసినవారికి ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. మట్టికుండలో గడ్డి రాజేసి, పొగను కలుగులోకి ఊది, వేరే కన్నం దగ్గర ఎలుకను పట్టే ఆ నైపుణ్యం ఎంతో విలువైనది. వరి రైతుకు విషం లేకుండా మేలు చేస్తుంది. కానీ ఎలుకకు ఇంత అని కూలి కట్టినప్పుడు, తండ్రితో పాటు పిల్లలు కూడా గట్ల వెంట తిరిగితేనే ఇల్లు గడుస్తుంది, బడి హాజరు పట్టీలో వారి పేర్ల ఎదుట ఖాళీలు మిగులుతాయి. యుద్ధం లేదు, గోడపత్రిక లేదు, దేశభక్తి నినాదం లేదు. అయినా తలకింత, తోకకింత అన్న లెక్క పిల్లల మీద పడే బరువు అదే. ఆ నైపుణ్యానికి పెద్దలకు నెలజీతంగా కూలి ఇస్తే పిల్లలు బడిలో ఉంటారని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

మళ్లీ కాలిఫోర్నియాకు వస్తాను. స్ట్రిక్నిన్ గింజను ఉడుతలు మునుపటిలా తినడం లేదన్న కారణంతో 1920లలో అక్కడ థాలియం అనే మరో విషాన్ని బార్లీకి పట్టించి పొలాల్లో చల్లడం మొదలుపెట్టారు. దానికి రుచి లేదు, వాసన లేదు. 1932లో అలాంటి బార్లీ సంచి ఒకటి దారితప్పి వంటింటికి చేరి, ఆ పిండితో చేసిన రొట్టెలు తిన్నవారు పెద్ద సంఖ్యలో జబ్బుపడ్డారు, కొందరు మరణించారు. ఉడుత మాత్రం ఇవాళ్టికీ ఆ రాష్ట్రంలో పొలాల గట్ల మీద, పార్కుల్లో సాధారణంగా కనిపించే ప్రాణి.

చివరిగా ఒక వివరం చెప్పి మీ ప్రశ్నలకు అవకాశం ఇస్తాను. బర్కిలీలోని సకశేరుక జీవుల మ్యూజియం డైరెక్టర్ జోసెఫ్ గ్రినెల్, తన సహచరుడు జోసెఫ్ డిక్సన్‌తో కలిసి కాలిఫోర్నియా నేల ఉడుతల జీవితం మీద సమగ్రమైన అధ్యయనం రాశాడు. ఎన్ని జాతులున్నాయి, ఏవి ఏ ప్రాంతంలో ఉంటాయి, కలుగు ఎంత లోతు తవ్వుతాయి, ఏ రుతువులో ఏమి తింటాయి వంటి సంగతులు అందులో ఉన్నాయి. దాన్ని ప్రచురించింది హెకీ నడిపిన ఉద్యానవన కమిషన్ పత్రికే. ప్రచురించింది 1918 నవంబరు, డిసెంబరు సంచికలో, అంటే పిల్లలు తోకలు అప్పగించిన ఆరు నెలల తర్వాత, యుద్ధం ముగిసిన తర్వాత. 1923లో గ్రినెల్ మరో వ్యాసంలో, కలుగులు తవ్వే ప్రాణులు కింది మట్టిని పైకి తెచ్చి, వాననీటిని లోపలికి పంపి, నేలను సారవంతం చేస్తాయని వివరించాడు. 1918 వసంతంలో బడులకు పంపిన కరపత్రంలో, మీ బడి చుట్టూ ఉన్న పొలాల్లో ఎన్ని కలుగులున్నాయో లెక్కపెట్టండి, ఏ పంట పక్కన ఎక్కువగా ఉన్నాయో రాయండి, వాటిని ముట్టుకోకండి అని అడిగి ఉంటే, ఒక్క వారంలో ఏ శాస్త్రజ్ఞుడూ ఒంటరిగా తయారుచేయలేని పటం రాష్ట్రమంతటికీ తయారయ్యేది. ఆ పటం చూసి విషం ఎక్కడ అవసరమో, ఎక్కడ అక్కరలేదో పెద్దలు నిర్ణయించి, ఆ పని పెద్దలే చేసేవారు. మన ఊళ్లలో కత్తెర పురుగు, గులాబీ రంగు కాయతొలుచు పురుగు వచ్చినప్పుడు బడికి అలాంటి పాత్ర ఇవ్వవచ్చునా, ఇస్తే ఏ వయసు నుంచి, ఎవరి పర్యవేక్షణలో అన్నది మీతో చర్చించాలని ఉంది. పిల్లలతో రోజూ గడిపేవారు మీరు కనుక, ముందు మీ మాట వింటాను.